ఈ-మైగ్రేట్ సమీక్ష: ఏజెంటును పట్టిస్తుంది, కరెన్సీని పట్టించుకోదు

బీరూట్‌లో ఉద్యోగం, నెలకు 300 డాలర్లు, తిండీ వసతీ కంపెనీదే, పది రోజుల్లో వీసా. వాట్సాప్‌లో ఇలాంటి మెసేజ్ వచ్చినప్పుడు మొదట తెరవాల్సింది విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్. పదేళ్ళకు పైగా నడుస్తున్న వ్యవస్థ ఇది. 2024 అక్టోబరులో కొత్త రూపంలో, మొబైల్ యాప్‌తో సహా మళ్ళీ విడుదల చేశారు. చూడటానికి పైసా ఖర్చు లేదు. ఏజెంటు అసలువాడా నకిలీవాడా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది.

అయితే ఆర్థికంగా కుప్పకూలిన దేశానికి పనికి వెళ్ళేవాడికి అసలు ప్రశ్న అది కాదు. ఏజెంటు నిజమైనవాడే, కంపెనీ నిజమైనదే, వీసా నిజమైనదే అయినా చేతికొచ్చే జీతం ఉత్త కాగితం కావచ్చు. ఈ రెండో ప్రశ్న దగ్గర పోర్టల్ ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే ఈ సమీక్ష. ఉదాహరణ అంతా లెబనాన్‌దే. పనికి వెళ్ళేముందు మన ప్రభుత్వ అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, కావాల్సిన 18 దేశాల్లో అదొకటి. 2019 చివర్లో మొదలైన అక్కడి సంక్షోభాన్ని, 19వ శతాబ్దం మధ్య నుంచి ప్రపంచం చూసిన అతి తీవ్రమైన వాటిలో ఒకటిగా ప్రపంచ బ్యాంకు 2021లో లెక్కగట్టింది.

మొదట బాగా పనిచేసే భాగం. పోర్టల్‌లో రిజిస్టర్ అయిన రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. లాగిన్ అక్కర్లేదు. పేరుతో వెతకొచ్చు, రాష్ట్రంతో వెతకొచ్చు, రిజిస్ట్రేషన్ నంబరుతోనూ వెతకొచ్చు. నంబరుతో వెతకడమే సరైన పద్ధతి. మన దగ్గర ట్రావెల్స్, కన్సల్టెన్సీ పేర్లన్నీ దేవుళ్ళ పేర్లూ పిల్లల పేర్లే. ఒకే పేరుతో నాలుగు కనిపిస్తాయి. అసలు లైసెన్సు ఉన్నవాడి పేరు తన బోర్డు మీద రాయించుకుని కూర్చున్నవాడు ఈ పేరు వెతుకులాటలో దర్జాగా గట్టెక్కేస్తాడు. రిజిస్ట్రేషన్ నంబరు స్లాష్‌లతో విడగొట్టిన పొడవాటి నంబరు. ఆఫీసులోనూ ప్రకటనల్లోనూ దాన్ని చూపించాలన్నది నిబంధన. ‘నంబరు తర్వాత పంపిస్తా’ అన్నవాడితో మాట అక్కడితో ఆపేయొచ్చు.

నంబరు దొరికాక మూడు చూడాలి. ఒకటి, స్టేటస్. జాబితాలో పేరున్నంత మాత్రాన లైసెన్సు నడుస్తున్నట్టు కాదు. గడువు తీరినవి, సస్పెండ్ అయినవి, రద్దయినవి కూడా ఉంటాయి. రెండు, చిరునామా. మీతో మాట్లాడుతున్న మనిషి కూర్చునే ఊరు, పోర్టల్‌లో ఉన్న ఊరు ఒకటేనా? మూడు, ఫోన్ నంబరు. విజిటింగ్ కార్డు మీదిది కాకుండా పోర్టల్‌లో ఉన్న నంబరుకు చేసి, ఫలానా మనిషి మీవాడేనా, ఫలానా కంపెనీ మనుషులు కావాలని మీ దగ్గర డిమాండ్ పెట్టిందా అని అడగాలి. ఈ ఒక్క ఫోన్ కాల్‌తో మోసాల్లో చాలావరకు బయటపడతాయి. ఊళ్ళో తిరిగే సబ్ ఏజెంటు ‘హైదరాబాద్ ఆఫీసు మాదే’ అంటాడు. సబ్ ఏజెంటు అనేవాడికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టంలో చోటే లేదు. వాడికిచ్చిన డబ్బుకు రసీదు ఉండదు, రసీదు లేని డబ్బు గురించి పోర్టల్‌లో ఫిర్యాదు నిలబడదు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే. రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోగలిగే సర్వీస్ చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. ‘వీసా కొనాలి, అందుకే లక్షన్నర’ అంటే, ఆ మిగతా డబ్బుకు చట్టంలో పేరు లేదన్నమాట. కట్టేదేదైనా బ్యాంకు ద్వారా కట్టి, రసీదు మీద రిజిస్ట్రేషన్ నంబరు వేయించుకోవాలి. సంక్షోభ దేశాల విషయంలో ఈ పరిమితికి ఇంకో విలువ ఉంది. మామూలు దేశంలో అప్పు చేసి లక్షన్నర పెట్టినా ఏడాదిలో తీరొచ్చు. జీతం విలువ ఆర్నెల్లలో సగమయ్యే దేశంలో వడ్డీ మాత్రమే నికరం.

యజమాని వైపు తనిఖీ కూడా ఉంది, కానీ అది లోపలి తనిఖీ. విదేశీ యజమాని పోర్టల్‌లో నమోదై, ఎంతమంది కావాలి, ఏ పనికి, ఎంత జీతానికి అని డిమాండ్ పెడతాడు. ఆ డిమాండ్ ఏజెంటుకు అప్పగించాకే నియామకం మొదలవ్వాలి. వెళ్ళేవాడి వైపు నుంచి చేయాల్సింది ఏమిటంటే, డిమాండ్ లెటరూ నమూనా కాంట్రాక్టూ చూపించమనడం, అందులోని కంపెనీ పేరు వీసా మీద స్పాన్సర్ పేరుతో అక్షరం అక్షరం కలుస్తుందేమో చూడటం. స్పాన్సర్ వేరే, పని ఇచ్చేవాడు వేరే అయితే అది గల్ఫ్ భాషలో చెప్పే ‘ఆజాద్ వీసా’ బాపతు. దిగాక కఫీల్, అంటే కాగితం మీది స్పాన్సర్, ఒకడు, జీతం ఇచ్చేవాడు ఇంకొకడు. మంచి రోజుల్లో నడిచిపోతుంది. సంక్షోభం వచ్చిన రోజున ఇద్దరూ చేతులెత్తేస్తారు.

‘విజిట్ వీసా మీద దిగండి, అక్కడ మార్చుకుందాం’ అన్న మాటకు లెబనాన్ విషయంలో సమాధానం సూటిగా చెప్పొచ్చు. అక్కడ కార్మిక శాఖ ముందస్తు అనుమతి ఇచ్చాకే పని వీసా వస్తుంది. దిగాక వర్క్ పర్మిట్, ఆపైన విదేశీయుల వ్యవహారాలు చూసే జనరల్ సెక్యూరిటీ నుంచి అకామా, అంటే నివాస అనుమతి. ఈ వరుస తలకిందులైతే మొదటి రోజు నుంచే ఖల్లివల్లి బతుకు, అంటే సరైన కాగితాల్లేని బతుకు.

ఇక క్లియరెన్స్. పాస్‌పోర్టు తిప్పి చూడండి. ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని అచ్చయి ఉంటే అది ఈసీఆర్ పాస్‌పోర్టు, ఆ 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే క్లియరెన్స్ తప్పదు. పదో తరగతి పాసై కూడా ఈసీఆర్ ముద్రతోనే తిరిగేవాళ్ళు మన జిల్లాల్లో చాలామంది. మార్కుల మెమో పెట్టి పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకుంటే ముద్ర పోతుంది. పోగొట్టుకోవడం మంచిదా అంటే, ఇక్కడ అందరూ ఒప్పుకోని మాట ఒకటి: మొదటిసారి వెళ్ళేవాడికి, అందులోనూ ఇలాంటి దేశానికి వెళ్ళేవాడికి ఆ ముద్ర అడ్డంకి కాదు, రక్ష. ఆ ముద్ర వల్లే కాంట్రాక్టు ఒక అధికారి కళ్ళ ముందు నుంచి వెళ్తుంది, ఇన్సూరెన్స్ పడుతుంది, రికార్డు మిగులుతుంది. ముద్ర లేనివాళ్ళు స్వచ్ఛందంగా నమోదు చేసుకోవచ్చు. దాన్ని 2019 జనవరి నుంచి తప్పనిసరి చేస్తామని 2018లో ప్రకటించి, వ్యతిరేకత రాగానే వెనక్కి తగ్గారు. నర్సులకు మాత్రం ముద్ర లేకపోయినా ఈ 18 దేశాలకు క్లియరెన్స్ కావాలి.

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీలకు రెండు అదనపు షరతులున్నాయి. వయసు 30 నిండాలి. ఇంటిపని ఉద్యోగాలకు ప్రైవేటు ఏజెంటు పనికిరాడు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. మనకు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్. లెబనాన్ విషయంలో ఇది ఉత్త లాంఛనం అనుకోవద్దు. అక్కడి 1946 నాటి కార్మిక చట్టం ఇంటిపనివాళ్ళకు వర్తించదని ఆ చట్టంలోనే ఉంది. 2020లో జీతాలివ్వలేని కుటుంబాలు ఇథియోపియా నుంచి వచ్చిన పనిమనుషుల్ని బీరూట్‌లోని వాళ్ళ కాన్సులేట్ ముందు సామాన్లతో దింపేసి వెళ్ళిపోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త ఏకరూప కాంట్రాక్టు ఒకటి తెచ్చారుగానీ, అక్టోబరులోనే అక్కడి పాలనా న్యాయస్థానం దాన్ని నిలిపేసింది.

దరఖాస్తుకు కావాల్సినవి ఎక్కువేమీ కాదు: కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, ఇన్సూరెన్స్ పాలసీ, 200 రూపాయల రుసుము. ఏజెంటు ద్వారా వెళ్తుంటే దరఖాస్తు ఏజెంటే పెడతాడు. హైదరాబాద్‌లో క్లియరెన్స్ ఇచ్చే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు ఉంది. ఇదివరకు పాస్‌పోర్టులో క్లియరెన్స్ ముద్ర కొట్టేవాళ్ళు, ఇప్పుడు వివరం నేరుగా ఇమిగ్రేషన్ కౌంటర్లో కంప్యూటర్‌కే చేరుతుంది. ఎక్కువగా దెబ్బతీసేది పేరు. మన ఇంటిపేర్లతో వచ్చే తంటా ఇది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో పెట్టినవాళ్ళు, ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉన్నవాళ్ళు, అరబీలోకి వెళ్ళి మళ్ళీ ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘వెంకటేశ్వర్లు’ మూడు ముక్కలైనవాళ్ళు. వీసా మీద పేరు పాస్‌పోర్టుతో కలవకపోతే సవరణ యజమాని వైపు నుంచే రావాలి, దానికి వారాలు పడుతుంది. టికెట్ కొనడం ఎప్పుడూ క్లియరెన్స్ తర్వాతే.

ఇంతవరకు పోర్టల్‌కు మంచి మార్కులే వేయొచ్చు. ఇల్లలకగానే పండగ కాదు కదా, ఇప్పుడు జీతం దగ్గరికి వద్దాం.

పోర్టల్ కాంట్రాక్టులో అంకెను చూస్తుంది. కొన్ని దేశాలకు కనీస సిఫార్సు వేతనం అని ఒకటుంది, దానికంటే తక్కువైతే అభ్యంతరం వస్తుంది. ఈ వేతనాన్ని 2020 సెప్టెంబరులో ఆరు గల్ఫ్ దేశాలకు 200 డాలర్ల దాకా దించేశారు. తెలంగాణ హైకోర్టులో కేసు పడింది. 2021 జులైలో పాత స్థాయికే మళ్ళీ తెచ్చారు. అంటే ఆ అంకెకు విలువ ఉంది, దాని మీద పోరాటం కూడా జరిగింది. కానీ అది అంకె మాత్రమే. సంక్షోభ దేశంలో జీతానికి మూడు ప్రశ్నలుంటాయి: ఏ కరెన్సీ, ఏ రేటు, ఏ రూపం. పోర్టల్ మొదటిదాన్ని అడుగుతుంది. మిగతా రెండూ మీరే అడగాలి.

లెబనాన్ లీరా 1997 నుంచి డాలరుకు 1,507.5 దగ్గర కట్టేసి ఉండేది. 2019 తర్వాత బయటి మార్కెట్లో తాడు తెగింది. అయినా 2023 ఫిబ్రవరి దాకా అధికారిక రేటు కాగితం మీద 1,507.5గానే ఉంది. 2022 మధ్యలో సర్రాఫ్ దగ్గర, అంటే డబ్బు మార్చేవాడి దగ్గర, డాలరుకు 30,000 చుట్టూ పలికింది. (మన షరాబు మాట పుట్టింది ఆ అరబీ మాట నుంచే.) ఇప్పుడు నెలకు 300 డాలర్లు అని రాసి ఉన్న మూడు కాంట్రాక్టులు పక్కపక్కన పెట్టి, ఆ ఏడాది మధ్యలో చేతికొచ్చేది లెక్కేద్దాం.

మొదటిదాంట్లో ‘300 డాలర్లు, లేదా అధికారిక రేటు ప్రకారం స్థానిక కరెన్సీలో’ అని ఉంది. 300ను 1,507.5తో గుణిస్తే 4,52,250 లీరాలు. యజమాని మాట తప్పలేదు, పూర్తిగా ఇచ్చాడు. దాన్ని సర్రాఫ్ దగ్గర మార్చితే 15 డాలర్లు. రెండోదాంట్లో ‘300 డాలర్లు బ్యాంకు ఖాతాలో జమ’ అని ఉంది. సంక్షోభం తర్వాత అక్కడి బ్యాంకుల్లో డాలర్లు రెండు రకాలయ్యాయి. పాత డాలర్లు ఖాతాలో కనిపిస్తాయి, నోట్లుగా రావు. కేంద్ర బ్యాంకు చెప్పిన రేటుకు లీరాలుగా మాత్రమే వస్తాయి. జనం వెటకారంగా వాటిని ‘లోలర్’ అన్నారు. ఆ రేటు 2020లో 3,900, 2021 డిసెంబరు నుంచి 8,000. యజమాని తన పాత ఖాతా నుంచి మీ ఖాతాకు మార్చాడంటే 24 లక్షల లీరాలు వస్తాయి, మార్చితే 80 డాలర్లు. మూడోదాంట్లో ‘300 డాలర్లు, నోట్ల రూపంలో’ అని ఉంది. దాన్ని అక్కడ ‘ఫ్రెష్ డాలర్’ అంటారు. అది 300 డాలర్లే.

అంకె ఒకటే, చేతికొచ్చింది 15, 80, 300. క్లియరెన్స్ కోణంలో చూస్తే ఈ మూడు కాంట్రాక్టుల్లోనూ జీతం గడిలో ఉండేది ఒకే 300.

ఇప్పుడు అధికారిక రేటు, బయటి రేటు దాదాపు ఒకటయ్యాయి. 2023 ఫిబ్రవరిలో అధికారిక రేటును 15,000కు, ఏడాది తర్వాత 89,500కు మార్చారు. కాబట్టి మొదటి రకం మోసానికి ప్రస్తుతం అక్కడ చోటు తక్కువ. కానీ ఒప్పందం రెండు మూడేళ్ళది. మళ్ళీ తాడు తెగితే ఏ రేటు అన్నది ముందే రాసి ఉండాలి. లీరాల్లో రాసిన జీతమైతే అసలు వద్దు. 2012లో నిర్ణయించిన అక్కడి కనీస వేతనం 6,75,000 లీరాలు. ఆ రోజు అది దాదాపు 448 డాలర్లు. 89,500 లెక్కన ఏడున్నర.

ఇది లెబనాన్‌కే పరిమితమైన వింత కాదు. ఈజిప్టు పౌండు 2024 మార్చి 6న ఒక్కరోజులో డాలరుకు 31 దగ్గర నుంచి 50 దగ్గరికి జారింది. 15,000 పౌండ్ల జీతం 480 డాలర్ల పైనుంచి 300కు వచ్చింది. శ్రీలంక 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసిన రోజుల్లో వాళ్ళ రూపాయి రెండు నెలల్లో 200 నుంచి 360కి పడింది. గ్రీసులో కరెన్సీ యూరోయే కాబట్టి విలువ పడలేదు. 2015 వేసవిలో ఏటీఎం నుంచి రోజుకు 60 యూరోలే ఇచ్చారు. అక్కడ సమస్య రేటు కాదు, రూపం. ఈ మూడు దేశాలూ 18 దేశాల జాబితాలో లేవు, కాబట్టి ఈసీఆర్ ముద్ర ఉన్నా క్లియరెన్స్ అడగరు, కాంట్రాక్టు ఎవరూ చూడరు. అలాంటి చోట్లకు ఈ పోర్టల్ ఏజెంటు తనిఖీ వరకే.

కాబట్టి క్లియరెన్స్‌కు పెట్టకముందే కాంట్రాక్టులో రాయించుకోవాల్సిన వాక్యం: జీతం అమెరికా డాలర్ల నోట్ల రూపంలో, లేదా ఆ దేశం బయటి ఖాతా నుంచి బదిలీగా చెల్లిస్తారు, స్థానిక కరెన్సీలో చెల్లించాల్సి వస్తే చెల్లించే రోజు మార్కెట్ రేటు వర్తిస్తుంది. ఏజెంటు ‘కాంట్రాక్టు ఫార్మాట్ మారదు’ అంటాడు. ఫార్మాట్ మారకపోతే అదనపు పేజీ పెట్టొచ్చు, యజమాని సంతకం, ముద్ర పడితే చాలు. సంతకానికి యజమాని ససేమిరా అన్నాడంటే, వాడి దగ్గర డాలర్లు లేవని అర్థం. అది ఇక్కడే తెలియడం నయం.

యజమానికి డాలర్లు ఎక్కడి నుంచి వస్తాయో కూడా ఒక్కసారి ఆలోచించాలి. ఎగుమతులు చేసే ఫ్యాక్టరీ, విదేశీ నిధులతో నడిచే సహాయ సంస్థల కాంట్రాక్టరు, విదేశాల్లో స్థిరపడి సెలవులకు వచ్చేవాళ్ళ మీద ఆధారపడ్డ హోటల్: వీళ్ళకు డాలరు రాబడి ఉంటుంది. లీరాల్లో జీతం తీసుకునే ప్రభుత్వోద్యోగి ఇంట్లో పని, స్థానికులకే సరుకమ్మే దుకాణంలో పని: కరెన్సీ పడిన నెలే మీ జీతం ఆగుతుంది. మనిషి మంచివాడే అయినా ఆగుతుంది. మెసేజ్‌లో కంపెనీ పేరు కంటే కంపెనీ ఏం అమ్ముతుందన్నది ముందు అడగాలి.

‘వసతి ఉచితం’ అన్న మాటనూ కాస్త విప్పి చూడాలి. లెబనాన్‌లో ప్రభుత్వ కరెంటు రోజుకు కొన్ని గంటలే వచ్చే రోజులు చాలా నడిచాయి. మిగతాదంతా వీధి జనరేటర్లే, వాటి బిల్లు విడిగా వస్తుంది. గది ఉచితం, జనరేటర్ మీది అంటే చలికాలంలో ఆ బిల్లు జీతాన్ని కొరుకుతుంది. తాగునీరు, వైద్యం ఎవరివో కూడా రాయించుకోవాలి.

ఇన్సూరెన్స్ విషయంలో పోర్టల్‌ను మెచ్చుకోవాలి. క్లియరెన్స్‌తో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. ఈ ధరకు ఇంత కవరేజీ బయట దొరకదు. చాలామంది చదవని భాగం ఇంకోటుంది: యజమాని కాంట్రాక్టును మీకు నష్టం కలిగేలా మార్చినా, మీ తప్పు లేకుండా మధ్యలో తీసేసినా తిరుగు ప్రయాణం ఎకానమీ టికెట్ ఖర్చు వస్తుంది. దానికి రాయబార కార్యాలయం ధ్రువీకరణ కావాలి, టికెట్ అసలు కాగితాలు కావాలి. అంటే ఎయిర్‌పోర్టుకు వెళ్ళేముందే ఎంబసీకి వెళ్ళాలి. ఊరికొచ్చాక అడిగితే ఆ కాగితం పుట్టదు. ఎగ్గొట్టిన జీతానికిగానీ, కరిగిపోయిన కరెన్సీకిగానీ ఈ పాలసీలో పైసా రాదు. మూడేళ్ళ కాంట్రాక్టుకు రెండేళ్ళ పాలసీ తీసుకుని వంద రూపాయలు మిగిల్చే ఏజెంట్లుంటారు, గడువు తేదీ చూసుకోండి.

యుద్ధ హెచ్చరికలు పోర్టల్‌లో వెతక్కండి. అవి ఎంబసీల వెబ్‌సైట్లలో వస్తాయి. 2024లో ఇజ్రాయెల్ దాడులు పెరిగినప్పుడు బీరూట్‌లోని మన ఎంబసీ ప్రయాణాలు మానుకోమని, ఉన్నవాళ్ళు బయటపడమని చెప్పింది. ఆ సెప్టెంబరు చివరికి చాలా విమాన సంస్థలు బీరూట్‌కు రాకపోకలు ఆపేశాయి, స్థానిక సంస్థ మిడిల్ ఈస్ట్ ఎయిర్‌లైన్స్ ఎగురుతూనే ఉంది. టికెట్ డబ్బు డాలరు నోట్లుగా మీ దగ్గరే ఉండాలి, బ్యాంకులో కాదు. జీతం రాగానే మొదటి మూడు నెలల్లో పక్కన పెట్టాల్సింది అదే. యెమెన్‌కైతే 2017 నుంచి భారత పాస్‌పోర్టు మీద ప్రయాణమే నిషేధం, ఎవరెంత జీతం చెప్పినా వినక్కర్లేదు.

ఇంటికి పంపే డబ్బు కూడా బ్యాంకు కంటే మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటర్ల ద్వారా పంపడం ఇలాంటి దేశాల్లో క్షేమం, నోటు చేతిలోంచి నేరుగా వెళ్తుంది. మన వైపు రిజర్వు బ్యాంకు నియమం: ఒక్కోసారి 2,500 డాలర్లకు మించకూడదు, ఒకరి పేరు మీద ఏడాదికి 30 సార్లే. 50,000 రూపాయల దాకా నగదుగా ఇస్తారు, దాటితే ఖాతాలో వేస్తారు. ఏ నెలకానెల పంపేయడమే మంచిది. ‘కంపెనీ దగ్గరే ఉంచుకో, వెళ్ళేటప్పుడు మొత్తం తీసుకో’ అన్న మాటకు తలూపిన చోటే ఎక్కువ డబ్బు మునుగుతుంది.

సహాయం భాగం రెండు చోట్ల ఉంది. ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800-11-3090. ఏజెంటు మీద ఫిర్యాదు ఈ-మైగ్రేట్‌లోనే పెట్టాలి. యజమాని మీద, జీతం మీద, పాస్‌పోర్టు లాక్కోవడం మీద అయితే విదేశాంగ శాఖదే ఇంకో ఫిర్యాదుల వెబ్‌సైటు, మదద్ పోర్టల్. ఈ తేడా తెలియక ఏజెంటు గొడవ మదద్‌లో, జీతం గొడవ ఈ-మైగ్రేట్‌లో పెట్టి రెండు చోట్లా తిప్పించుకునేవాళ్ళున్నారు. రెండింటినీ ఒక్క గడపలోకి తేవాల్సింది. టికెట్‌కు కూడా దిక్కులేని స్థితిలో ఎంబసీ దగ్గర భారతీయ కమ్యూనిటీ సంక్షేమ నిధి ఉంటుంది. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోతే ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్, మనవాళ్ళు ఔట్‌పాస్ అనే కాగితం, ఇస్తుంది. కానీ అకామా గడువు దాటి ఉంటే అక్కడి జనరల్ సెక్యూరిటీ జరిమానా తేల్చాకే విమానం ఎక్కనిస్తారు.

వెళ్ళేముందు ఫోన్లోనే కాక ఇంట్లో మరో ఫోన్లోనూ ఉండాల్సినవి: పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, క్లియరెన్స్, పాలసీ, రెండు పార్టీల సంతకాలున్న కాంట్రాక్టు ప్రతి పేజీ, ఏజెంటుకు కట్టిన రసీదు. దిగాక అరబీలో ఇంకో కాంట్రాక్టు మీద సంతకం అడుగుతారు. అందులో జీతం అంకె పక్కన ఉన్న మాట డాలరా లీరానా అన్నది అరబీ రానివాడు కూడా పోల్చుకోవచ్చు. దొలార్ అంటే دولار, లీరా అంటే ليرة. ఈ రెండు మాటలు ఫోన్లో బొమ్మగా పెట్టుకుని పోల్చి చూసి, లీరా కనిపిస్తే సంతకం ఆపి, ఆ పేజీ ఫొటో తీసి అదే రోజు ఇంటికి పంపండి. మదద్‌లో ఫిర్యాదు మీరే పెట్టనక్కర్లేదు, ఊళ్ళో ఇంటివాళ్ళు పెట్టొచ్చు, ఎంతవరకు వచ్చిందో ఇక్కడి నుంచే చూసుకోవచ్చు.